చేలల్లో, కొబ్బరితోటల్లో తీసే పోర్ట్రెయిట్లకి ముఖం మీద ఆకుపచ్చ పడుతోంది, మీరెలా తగ్గిస్తున్నారు?

లంకగట్టు:
అందరికీ నమస్కారం అండి. మాది రాజోలు దగ్గర ఊరు. ప్రీవెడ్డింగ్ షూట్లు, ఓణీల ఫంక్షన్లు, చిన్నపిల్లల ఫొటోలు ఎక్కువగా బయటే తీస్తుంటాను. ఇక్కడ ఎవరైనా కోరేది ఒకటే, వెనకాల కొబ్బరిచెట్లు పడాలి, కాలవ పడాలి, దాళ్వా చేను నిండుగా పడాలి. అడిగినట్టే తీస్తాను, కెమెరా స్క్రీన్ మీద బాగానే ఉంటుంది, తీరా ఇంటికొచ్చి పెద్ద మానిటర్లో తెరిస్తే గడ్డం కింద, మెడ మీద, బుగ్గల దిగువన పాచి పట్టినట్టు ఆకుపచ్చ. చామనఛాయ వాళ్ళకి ముఖంలో కళ పోయి బూడిద రంగు దిగుతోంది. మొన్న ఒక పెళ్ళికూతురి అమ్మగారు ఫొటో చూసి "పిల్లకి జ్వరం తగిలినట్టుందేంటండి" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి మనసు కుదురుగా లేదు.

ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 85 ఎంఎం లెన్స్, ఫైలు రా (RAW, సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైలు), వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే పడేలా రంగులు సర్దే సెట్టింగ్) ఆటో. సాయంత్రం 4 దాటాక, ఎండ మనిషి వెనక నుంచి వచ్చేలా నిలబెడతాను. కెల్విన్ (వెలుగు రంగుని చెప్పే అంకె) పెంచితే ముఖం పసుపు తిరుగుతోంది, తగ్గిస్తే ఇంకా పాలిపోతోంది. ఈ చేలల్లో మీరెలా లాక్కొస్తున్నారో కాస్త వివరంగా చెప్పండి.

భీమారం_కుర్రాడు:
రాలో తీస్తున్నారు కదా అన్నా, టెన్షన్ ఎందుకు. కెల్విన్ స్లయిడర్ నీలానికీ నారింజకీ మధ్య తిరుగుతుంది, ఆకుపచ్చతో దానికి పని లేదు. దాని పక్కనే టింట్ అని ఇంకో స్లయిడర్ ఉంటుంది, అది ఆకుపచ్చకీ మెజెంటాకీ మధ్య తిరిగేది. దాన్ని మెజెంటా వైపు కొంచెం కొంచెంగా జరుపుతూ చూడండి. 14 బిట్ రా ఫైల్లో ఒక్కో రంగుకి 16,384 మెట్లు, 8 బిట్ జేపెగ్‌లో 256 మాత్రమే, కాబట్టి రాలో బాగా జరిపినా రంగు చెడదు.

లంకగట్టు:
టింట్ కూడా జరిపి చూశాను తమ్ముడూ. గడ్డం కింద సరయ్యేసరికి నుదురు, ముక్కు ఊదా తిరుగుతున్నాయి, తెల్లచొక్కా గులాబీ అవుతోంది, వెనక చేను నీళ్ళు లేక ఎండినట్టు కనిపిస్తోంది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

వశిష్ఠ_ఒడ్డు:
మీరు ఇప్పుడు రాసిన దాంట్లోనే జవాబు ఉందండి. ఆ ముఖం మీద పడుతున్న వెలుగు ఒకటి కాదు, మూడు. జుట్టు మీద, భుజం మీద పడేది వెనక నుంచి వచ్చే ఎండ, సాయంత్రానికి అది కాస్త బంగారు రంగులో ఉంటుంది. నుదురు, ముక్కు మీద పడేది ఆకాశం నుంచి వచ్చే నీడవెలుగు, అది నీలం వైపు ఉంటుంది, కెల్విన్లో చెప్పాలంటే 7,000 నుంచి 8,000 దాకా. గడ్డం కింద పడేది చేను మీద పడి పైకి లేచిన వెలుగు. ఆకులోని పత్రహరితం ఎరుపునీ నీలాన్నీ తినేసి ఆకుపచ్చని బయటికి పంపేస్తుంది, ఆ ఆకుపచ్చే మన గడ్డానికి తగులుతుంది. టింట్ స్లయిడర్ ఫొటో మొత్తానికి ఒకేలా పనిచేస్తుంది కాబట్టి ఒకచోట సరిచేస్తే ఇంకోచోట పాడవుతుంది. ఇందులో మీ ఎడిటింగ్ లోపం ఏమీ లేదు.

ముందు నేల చూడండి. దీని లెక్క సులువే. నిలబడ్డ మనిషి గడ్డం నేలకి సుమారు 5 అడుగుల ఎత్తులో ఉంటుందనుకుంటే, నేల నుంచి గడ్డం కిందికి వచ్చే వెలుగులో సగం ఆ మనిషి చుట్టూ 5 అడుగుల లోపు నుంచే వస్తుంది, 10 అడుగుల దాకా తీసుకుంటే 80 శాతం వస్తుంది. అంటే దూరంగా ఎకరాలకి ఎకరాలు చేను ఉన్నా గడ్డానికి దానివల్ల వచ్చే నష్టం తక్కువ, అసలు నష్టమంతా కాళ్ళ చుట్టూ ఉన్న గడ్డి వల్లే. కాబట్టి మనిషిని చేలోకి దింపొద్దు, చేను పక్కన సిమెంటు రోడ్డు మీద నిలబెట్టి వెనకాల చేను పడేలా తీయండి. 85 ఎంఎంతో నడుము దాకా తీస్తే రోడ్డు ఫ్రేములోకి రాదు, చూసేవాళ్ళకి చేలోనే నిలబడ్డట్టు ఉంటుంది. మన కాలవ గట్ల మీద ఇప్పుడు చాలాచోట్ల సిమెంటు రోడ్లే కదా. గ్రావెల్ రోడ్డైతే కాస్త ఎర్రటి ఛాయ వస్తుంది, అది చర్మానికి మేలే చేస్తుంది కానీ చెరుపు చేయదు. వేసవిలో గోదావరి ఇసుక తిన్నెల మీద తీసి చూడండి, ఆ ఇసుకంత మంచి రిఫ్లెక్టర్ డబ్బు పెట్టినా దొరకదు.

పాత_డార్క్‌రూమ్:
వశిష్ఠ గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను రీలు రోజుల నుంచి అమలాపురం చుట్టుపక్కల తీస్తున్నవాణ్ణి బాబూ. అప్పుడు టింట్ లేదు, కెల్విన్ లేదు, డేలైట్ ఫిల్మ్ 5,500 కెల్విన్‌కి తయారై వచ్చేది, నీడలో తీస్తే నీలం పడేది, దానికి 81ఏ అనే వెచ్చటి ఫిల్టరు లెన్సు ముందు తగిలించేవాళ్ళం. ఆకుపచ్చకి మాత్రం ఫిల్టరు మీద ఆధారపడలేదు, మెజెంటా ఫిల్టరు పెడితే ఇప్పుడు మీ టింట్ చేసే పనే చేసేది, మొత్తం ఫొటోకి పూసేది. అందుకని నల్ల దుప్పటి, తెల్ల దుప్పటి రెండూ స్కూటర్ మీద ఉండేవి. గడ్డి మీద నల్ల దుప్పటి పరిస్తే ఆకుపచ్చ ఆగిపోతుంది, గడ్డం కింద నీడ చిక్కబడి ముఖానికి కోణం వస్తుంది, మగవాళ్ళకి, వయసు మళ్ళినవాళ్ళకి చాలా బాగుంటుంది. తెల్లది పరిస్తే ఆకుపచ్చ స్థానంలో శుభ్రమైన తెల్లటి వెలుగు పైకి వస్తుంది, ఆడపిల్లలకి, చిన్నపిల్లలకి అది మంచిది. కూర్చోబెట్టి తీస్తే ఇంకా సులువు, గడ్డం నేలకి దగ్గరౌతుంది కాబట్టి చిన్న గుడ్డ చాలు. మన పక్క సినిమా షూటింగులు చూసినవాళ్ళకి తెలుసు, హీరోయిన్ ముఖం కింద ఎప్పుడూ ఒక తెల్ల థర్మాకోల్ షీటు పట్టుకుని ఒకబ్బాయి ఉంటాడు. ఆ షీటు మన ఊరి ఫ్యాన్సీ షాపులోనూ దొరుకుతుంది.

గోల్డ్ రిఫ్లెక్టర్ జోలికి మాత్రం వెళ్ళొద్దు. ఆకుపచ్చని కప్పుతుందని కొంతమంది వాడతారు, ఆకుపచ్చ మీద పసుపు పడితే ముఖం మగ్గిన మామిడి రంగుకి వస్తుంది.

మొబైల్_మాత్రమే:
నేను ఫోనుతో తీస్తాను అండి, యానాం దగ్గర. నాకు దీనికి పూర్తిగా తిరగబడ్డ సమస్య. తోటలో తీస్తే మా చెల్లి ముఖం ఎర్రగా, ఊదాగా వస్తుంది, ఆకుపచ్చ కాదు. అదే చోట ఎర్ర పట్టుచీర కట్టుకుని నిలబడితే ముఖం వెలిసిపోయినట్టు వస్తుంది. వెలుగు ఒకటే, మనిషి ఒకటే, చీర మారితే ముఖం ఎందుకు మారాలి?

వశిష్ఠ_ఒడ్డు:
అది ఆటో వైట్ బ్యాలెన్స్ చేసే పని అమ్మా. ఫ్రేములో ఉన్న రంగులన్నీ కలిపితే సగటున బూడిద రంగు రావాలని ఒక లెక్క ఉంది, చాలా కెమెరాల ఆటో ఆ లెక్క నుంచే బయలుదేరుతుంది. ఇప్పటి ఫోన్లు ముఖాన్ని గుర్తుపట్టి ఇంకా తెలివిగా చేస్తాయి గానీ ఫ్రేములో ముప్పావు వంతు కొబ్బరాకులే ఉంటే అవీ తడబడతాయి. ఆకుపచ్చ ఎక్కువ ఉందని దానికి ఎదురు మెజెంటా కలుపుతాయి, ముఖం ఊదా తిరుగుతుంది. ఎర్రచీర ఫ్రేము నిండితే ఎరుపు తగ్గించడానికి దానికి ఎదురు రంగు సయాన్ వైపు లాగుతాయి, ముఖం వెలిసిపోతుంది. మీ ఫోన్లో ప్రో మోడ్ ఉంటే వైట్ బ్యాలెన్స్ ఆటో తీసేసి 5,500 దగ్గర పెట్టి ఆపేయండి, నీడలో అయితే 7,000. చీర మారినా, వెనక తోట మారినా ముఖం అలాగే ఉంటుంది. లంకగట్టు గారు, మీరు కూడా ఆటో తీసేయండి. రాలో తర్వాత మార్చుకోవచ్చు నిజమే, కానీ ఆటోలో ఒక్కో ఫొటో ఒక్కో రంగులో ఉంటుంది, ఆల్బమ్‌కి వందల ఫొటోలు విడివిడిగా సర్దుకోవాలి. ఒకే అంకె మీద తీస్తే ఒకటి సరిచేసి మిగతా వాటికి కాపీ చేసుకోవచ్చు.

ఎర్రచీర గురించి ఇంకో మాట. పట్టుచీర కూడా చేను లాంటి రిఫ్లెక్టరే. పమిట గడ్డానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఎండ దాని మీద నేరుగా పడితే మెడంతా ఎర్రబడుతుంది. ఎండ పమిట మీద పడకుండా మనిషిని కొద్దిగా తిప్పితే చాలు.

భీమారం_కుర్రాడు:
సీపీఎల్ (పోలరైజర్) ఫిల్టర్ పెడితే పోదా? ఆకుల మెరుపు తగ్గిస్తుంది కదా, ఆకుల నుంచి వచ్చే రంగు కూడా తగ్గాలి.

పాత_డార్క్‌రూమ్:
తగ్గదు నాయనా. పోలరైజరు తీసేది ఆకు మీద ఆకాశం మెరిసే తెల్లటి మెరుపుని. ఆ మెరుపు పోతే ఆకు ఇంకా చిక్కటి ఆకుపచ్చగా కనిపిస్తుంది, నేపథ్యానికి అది అందమే. ముఖం మీద పడ్డ ఆకుపచ్చ వెలుగు అప్పటికే చర్మంలోకి దిగి తిరిగి వస్తోంది, దాన్ని లెన్సు ముందు పెట్టిన గాజు విడదీయలేదు. చెమట మెరుపు తగ్గించడానికి పోలరైజరు వాడండి, మన ఉక్కలో అది పనికొస్తుంది.

నర్సరీ_దారి:
మాది కడియం వైపు. ఇక్కడ నర్సరీల్లో షూట్‌కి చాలామంది వస్తారు, పువ్వుల వరసల మధ్య తీసుకుంటారు. కానీ పైన ఆకుపచ్చ షేడ్‌నెట్ ఉంటుంది. దాని కింద తీస్తే నేల మీద ఏం పరిచినా లాభం ఉండట్లేదు, పై నుంచే ఆకుపచ్చ దిగుతోంది. దీనికేం చేయాలి?

వశిష్ఠ_ఒడ్డు:
నెట్ కింద లోపలికి వెళ్ళి, నాలుగు వైపులా నెట్ వెలుగే ఉన్నచోట తీస్తే నిజానికి సరిచేయడం తేలిక. అక్కడ అన్ని వైపుల నుంచీ ఒకే రంగు వెలుగు వస్తోంది కాబట్టి గ్రే కార్డ్ (ఏ రంగు ఛాయా లేని బూడిద అట్ట) ఒకటి పట్టి వైట్ బ్యాలెన్స్ కొడితే చాలావరకు తేరుకుంటుంది. కష్టమంతా నెట్ అంచున, ఒక బుగ్గకి బయటి వెలుగు, ఇంకో బుగ్గకి నెట్ వెలుగు తగిలే చోట. అక్కడైతే మనిషిని పూర్తిగా బయటివైపు తిప్పి, ముఖం నిండా బయటి వెలుగే పడేలా నిలబెట్టండి, నెట్ వెలుగు జుట్టుకి, వీపుకి పరిమితం అవుతుంది. శామియానా కింద కూడా ఇదే పద్ధతి. పసుపు గుడ్డ అయితే ఫర్వాలేదు, చిక్కటి ఎర్ర గుడ్డ కింద మాత్రం తీయొద్దు, ఆ గుడ్డ నీలం, ఆకుపచ్చలను దాదాపు ఆపేస్తుంది, ఫైల్లోకి రాని రంగుని ఏ సాఫ్ట్‌వేరూ తీసుకురాలేదు.

ఎడిటింగ్_టేబుల్:
రాజమండ్రిలో ఆల్బమ్ డిజైన్ చేస్తాను, డెల్టా అంతటి నుంచీ ఫైళ్ళు నా టేబుల్ మీదకి వస్తాయి. పైన చెప్పినవన్నీ చేసినా కొంత మిగులుతుంది, అది ఎలా తీయాలో చెప్తాను.

మొదట చాలామంది చేసే పని, ఐడ్రాపర్ (క్లిక్ చేసిన చోటు తెలుపు అనుకుని రంగులు సర్దే పనిముట్టు) తీసుకుని పెళ్ళికొడుకు తెల్ల పంచె మీద క్లిక్ చేయడం. దయచేసి చేయకండి. మన పంచెలు నీలంమందు పెట్టి ఉతికినవి, పైగా డిటర్జెంట్లలో తెలుపు పెంచే మందు ఉంటుంది, అది కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని తీసుకుని నీలంగా వదులుతుంది. ఆ పంచె చూడ్డానికి తెలుపే, ఫైల్లో నీలం. దాన్ని తెలుపు అనుకుంటే సాఫ్ట్‌వేర్ పసుపు కలిపేస్తుంది, ముఖాలన్నీ పసుపు తిరుగుతాయి. ప్రింటర్ కాగితంతో కూడా ఇదే ఇబ్బంది. గ్రే కార్డ్ కొనుక్కోండి, దాన్ని ముఖం దగ్గర, ముఖం ఎటు చూస్తోందో అటే చూపిస్తూ పట్టించి ఒక ఫొటో తీసుకోండి. కార్డు కిందికి వాలితే గడ్డి రంగు పట్టుకుంటుంది, లెక్క తప్పుతుంది.

గ్రే కార్డ్‌తో నుదురు, ముక్కు సరైన రంగుకి వచ్చాక ఇక మొత్తం ఫొటో ముట్టుకోవద్దు. గడ్డం కింద, మెడ మీద బ్రష్‌తో మాస్క్ వేసి, ఆ మాస్క్‌లో మాత్రం టింట్ మెజెంటా వైపు జరపండి. ఎంత జరపాలో కంటికి వదలొద్దు, ఎందుకంటే స్క్రీన్ వైపు కాసేపు చూస్తే కన్ను ఆ రంగుకి అలవాటు పడి అదే మామూలు అనుకుంటుంది. లైట్‌రూమ్ క్లాసిక్‌లో హిస్టోగ్రామ్ మీద రైట్ క్లిక్ చేస్తే ల్యాబ్ (Lab, రంగుని అంకెల్లో చెప్పే పద్ధతి) విలువలు చూపించే ఆప్షన్ ఉంది. అందులో ఏ అనే అంకె ఎక్కువైతే ఎరుపు వైపు, సున్నా కన్నా తగ్గితే ఆకుపచ్చ వైపు. బీ ఎక్కువైతే పసుపు, తగ్గితే నీలం. మంచి వెలుగులో తీసిన మన చర్మానికి రెండూ ధనాత్మకంగానే ఉంటాయి, సాధారణంగా బీ కొంచెం పెద్దది. బుగ్గ మీద కర్సర్ పెట్టి ఏ ఎంతుందో చూడండి, తర్వాత గడ్డం కింద చూడండి. అక్కడ సున్నా దగ్గరికి పడిపోయి ఉంటే మీ ఆకుపచ్చ అదే. మాస్క్‌లో టింట్ జరుపుతూ ఆ అంకెని బుగ్గ అంకె దగ్గరికి తీసుకురండి. దగ్గరికి అంటున్నాను, సమానంగా కాదు. వెనక అంత చేను ఉన్నప్పుడు మెడ మీద కొంత ఆకుపచ్చ ఉండటమే సహజం, పూర్తిగా తుడిచేస్తే మనిషిని స్టూడియోలో కోసి తెచ్చి చేను మీద అతికించినట్టు ఉంటుంది. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనలేని కుర్రాళ్ళు డార్క్‌టేబుల్ వాడండి, ఉచితం, కలర్ కాలిబ్రేషన్ మాడ్యూల్‌కి మాస్క్ వేసి ఇదే పని చేయొచ్చు.

లంకగట్టు:
పంచె సంగతి ఎవరూ చెప్పలేదండి ఇంతవరకు. నేను మధుపర్కాల మీద కూడా అలాగే క్లిక్ చేస్తూ వస్తున్నా. ఇక మానేస్తాను. ఫ్లాష్ గురించి ఎవరూ రాయలేదు, దానితో ఆకుపచ్చని అణచొచ్చా?

వశిష్ఠ_ఒడ్డు:
అణచొచ్చు, బాగా పనిచేస్తుంది. ఫ్లాష్ వెలుగు దాదాపు పగటి వెలుగు రంగులోనే ఉంటుంది, ముందు నుంచి సాఫ్ట్‌బాక్స్‌లో పెట్టి ముఖానికి కాస్త దిగువ నుంచి కొద్దిగా కొడితే చేను నుంచి వచ్చే ఆకుపచ్చ అందులో కలిసి పల్చబడుతుంది. సాయంత్రం ఎండ బంగారు రంగులో ఉన్నప్పుడు తెల్లటి ఫ్లాష్ వేరుగా కనిపిస్తుంది కాబట్టి పావు సీటీవో జెల్ (ఫ్లాష్ వెలుగుని కాస్త నారింజ వైపు తిప్పే పల్చటి రంగు షీటు) తగిలించండి. నిలువెత్తు ఫొటోకి నేల మీద గుడ్డ పరచలేం కదా, అక్కడ ఫ్లాషే దిక్కు.

పాత_డార్క్‌రూమ్:
ఒక్క మాట కుర్రాళ్ళందరికీ. రంగు కనిపించిన ప్రతిచోటా దాన్ని తీసేయాలని చూడకండి. పెళ్ళికొడుకుని చేసేటప్పుడు, మంగళస్నానాలప్పుడు ముఖం నిండా పసుపు ఉంటుంది, ఆటోలో పెడితే కెమెరా ఆ పసుపుని తప్పు అనుకుని నీలం కలుపుతుంది, పసుపు రాసిన ముఖం సిమెంటు పూసినట్టు వస్తుంది. ఆ పసుపు నిజంగా అక్కడ ఉన్నది, అది ఫొటోలో ఉండి తీరాలి. పసుపు రాయకముందే గ్రే కార్డ్ ఫొటో తీసి పెట్టుకోండి. అలాగే వరదలప్పుడు గోదావరి ఎర్రనీళ్ళు పోతుంటే పడవలో కూర్చున్న మనిషి ముఖం మీద ఆ ఎరుపు పడుతుంది, కోతలకి వచ్చిన చేను పక్కన నిలబడితే బంగారు ఛాయ పడుతుంది. అవి ఆ చోటికి, ఆ కాలానికి చెందినవి, చర్మానికి కూడా అందం. సార్వా నాట్లప్పటి ఆకుపచ్చ, దాళ్వా మధ్యలో ఫిబ్రవరి, మార్చిలో ఉండే ఆకుపచ్చ, ఆ రెండింటి విషయంలోనే నేను ఇంత పట్టుబట్టేది. చర్మం కింద పారే రక్తం ఎరుపే ముఖానికి కళ, ఆకుపచ్చ వచ్చి దాన్నే చంపుతుంది.

ఎడిటింగ్_టేబుల్:
గురువుగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు. నా దగ్గరికి వచ్చే ఆల్బమ్ ఫైళ్ళలో పసుపు ఫొటోలన్నీ తెల్లగా ఉతికేసి పంపుతున్నారు, మళ్ళీ వెనక్కి తెచ్చేసరికి తలప్రాణం తోకకి వస్తోంది.

ఇంకొకటి, మీరు ఎడిట్ చేసే గది గోడ ఏ రంగో చూసుకోండి. చాలా స్టూడియోల్లో లేతాకుపచ్చ గోడలు, ట్యూబులైటు. ఆ వెలుగులో కూర్చుంటే కన్ను ఆకుపచ్చని పట్టుకోలేదు. మానిటర్ 6,500 కెల్విన్‌కి కాలిబ్రేట్ చేయించండి, రాత్రిపూట కంటి రక్షణ మోడ్ ఆపేసి పనిచేయండి.

లంకగట్టు:
నిన్న సాయంత్రం మా కాలవ గట్టు మీద మా బావమరిదిని నిలబెట్టి వరసగా తీశాను. గడ్డిలో ఒకటి, సిమెంటు రోడ్డు మీద ఒకటి, గడ్డిలోనే తెల్ల దుప్పటి పరిచి ఒకటి, నల్ల గొడుగు తెరిచి నడుము దగ్గర బోర్లా పట్టించి ఒకటి. వైట్ బ్యాలెన్స్ అన్నిటికీ ఒకటే, ఎడిటింగ్ ఏమీ లేదు. రోడ్డు మీద తీసింది, తెల్ల దుప్పటిది పక్కపక్కన పెడితే పెద్దగా తేడా లేదు, రెండింట్లోనూ మెడ రంగు బుగ్గ రంగుకి దగ్గరగా ఉంది. గొడుగుది నాకు అన్నిటికంటే నచ్చింది, దవడ గీత బాగా తేలింది. గడ్డిలో తీసిన దాంట్లో గడ్డం కింద ల్యాబ్‌లోని ‘ఏ’ అంకె సున్నా కంటే దిగువకి పోయింది, ఎడిటింగ్ టేబుల్ గారు చెప్పినట్టే.

ఒక్క ఇబ్బంది, అంతర్వేది వైపు వెళ్తే సముద్రపు గాలికి థర్మాకోల్ నిలవట్లేదు, పట్టుకున్నవాడి చేతిలోనే విరిగిపోతోంది.

పాత_డార్క్‌రూమ్:
గాలి ఉన్నచోట థర్మాకోల్ వద్దు బాబూ. ఫ్లెక్సీ షాపులో సన్‌బోర్డ్ అడుగు, 5 ఎంఎం మందం, తెల్లది, మెరుపు లేనిది, 3 అడుగులు పొడవు 2 అడుగులు వెడల్పు కోయించుకో. పట్టుకున్నవాణ్ణి గాలికి ఎదురుగా కాకుండా గాలి అంచుకి తగిలేలా నిలబడమను. నేల మీద పరిచేదానికి దుప్పటే మేలు, నాలుగు మూలలా ఇటుకలు పెట్టు. ఆ దుప్పటికి నీలంమందు పెట్టొద్దని ఇంట్లో చెప్పు.